డాల్మేషియన్ కుక్కల్లో మూత్రాశయ రాళ్లు: పశ్చ సంకరణం నేర్పే పాఠం

వంశావళి నమోదు గల కుక్కల ప్రజననంలో తల్లి, తండ్రి ఒకే జాతిలో నమోదై ఉంటేనే సాధారణంగా పిల్లలకు నమోదు లభిస్తుంది. ఈ నియమం వల్ల జాతి రూపం స్థిరపడుతుంది. దానితోపాటు జన్యులోపమూ స్థిరపడవచ్చు. తెల్లని ఒంటిపై మచ్చలుండే డాల్మేషియన్ జాతి ఇందుకు చక్కని ఉదాహరణ.

లోప స్వభావం

సాధారణంగా కుక్కల కాలేయంలో యూరిక్ ఆమ్లం, నీటిలో సులభంగా కరిగే అల్లంటాయిన్‌గా మారి మూత్రం ద్వారా విసర్జితమవుతుంది. డాల్మేషియన్ కాలేయంలోనూ ఇందుకు కావలసిన ఎంజైమ్ ఉంటుంది. కాని యూరిక్ ఆమ్లాన్ని కణంలోకి చేరవేసే ప్రోటీన్ సరిగా పనిచేయదు. మూత్రపిండాలు కూడా దానిని తగినంతగా పునఃశోషణం చేయలేవు. అందువల్ల మూత్రంలో యూరిక్ ఆమ్లం అధికమై కొన్ని కుక్కల్లో రాళ్లు ఏర్పడతాయి. మగ కుక్కల్లో మూత్రమార్గం సన్నగా ఉండడం వల్ల రాయి అడ్డుపడి మూత్రం నిలిచిపోతుంది. ఇది తీవ్రమైన బాధ కలిగిస్తుంది. సకాలంలో చికిత్స అందకపోతే ప్రాణాపాయమూ ఉంటుంది. ప్యూరిన్లు తక్కువగా ఉన్న ఆహారం, సమృద్ధిగా నీరు ఈ ముప్పును తగ్గిస్తాయే గాని జన్యువును మార్చలేవు.

ఎస్.ఎల్.సి.2ఎ9 అనే జన్యువులోని ఉత్పరివర్తనమే దీనికి కారణమని 2008లో వెల్లడైంది. ఈ లోపం అంతర్గత లక్షణం. శుద్ధ డాల్మేషియన్లన్నీ దీనికి సమయుగ్మజాలు కావడం వల్ల జాతిలో ఎంత ఎంపిక చేసినా ఫలితం ఉండదు. వైవిధ్యం లేనిచోట ఎంపికకు తావు లేదు.

పరిష్కారం, ప్రతిఘటన

అమెరికాకు చెందిన జన్యుశాస్త్రవేత్త రాబర్ట్ షైబల్ 1973లో ఒక పాయింటర్ కుక్కను డాల్మేషియన్‌తో సంకరపరచి, సంతతిని వరుసగా డాల్మేషియన్లతో పశ్చ సంకరణం చేశారు. సాధారణ యుగ్మవికల్పం బహిర్గతం కనుక, ప్రతి తరంలోనూ మూత్ర పరీక్షతోనే కావలసిన పిల్లలను గుర్తించే వీలు కలిగింది. నాలుగు పశ్చ సంకరణాల తరువాత దాత జాతి వాటా సగటున 3.1 శాతానికి తగ్గుతుంది.

1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఇటువంటి రెండు కుక్కలను నమోదు చేసింది. జాతి పెంపకందార్ల వ్యతిరేకత వల్ల వాటి సంతతి నమోదు ఆగిపోయింది. ఆ అనుమతి తిరిగి 2011లో గాని లభించలేదు. సంకరణం మొదలైన 38 ఏళ్లకు దక్కిన ఆమోదమిది. ఆలస్యానికి కారణం శాస్త్ర లోపం కాదు, శుద్ధత పట్ల పట్టుదల.

వరితో పోలిక

ఈ పద్ధతి సస్య ప్రజననంలో సుపరిచితం. సాంబ మసూరి (బి.పి.టి. 5204) గింజ నాణ్యత చెడకుండా బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే జన్యువులను పశ్చ సంకరణం ద్వారానే చేర్చి ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని రూపొందించారు. అయితే వాటిలో ఎక్స్‌ఎ5, ఎక్స్‌ఎ13 అంతర్గత జన్యువులు కనుక ప్రతి తరంలోనూ గుర్తించడానికి డి.ఎన్.ఎ. మార్కర్లు అవసరమయ్యాయి.

ముగింపు

విషమయుగ్మజ కుక్కలను తమలో తాము జతపరిస్తే నాలుగింట ఒక వంతు పిల్లల్లో లోపం తిరిగి కనిపిస్తుంది. కనుక జతకట్టించే ముందు డి.ఎన్.ఎ. పరీక్ష తప్పనిసరి. ఈ సంకరణం ఒక్క లోపాన్నే సరిదిద్దుతుంది. డాల్మేషియన్లలో తరచు కనిపించే పుట్టు చెవుడుకు వినికిడి పరీక్ష వేరుగా జరపాలి. జాతి పరిరక్షణ అంటే మచ్చలను కాపాడడం మాత్రమే కాదు, వాటిని ధరించిన జీవి బాధ లేకుండా బతికేలా చూడడం కూడా.