ప్రళయంతో మొదలైన నాటకానికి ముగింపు

హరిదాసు మంగళం పాడిన తరువాతనే శ్రోతలు లేవడం మన ఆచారం. మా ఉర్దూ విభాగపు మిత్రులకు ప్రియమైన దాస్తాన్‌లలోనో, కథకుని నేర్పు కథను తెగనీయక సాగించడంలో ఉన్నది. ఈ రెండింటి నడుమ రేడియో ధారావాహిక ఇరుకున పడుతుంది. దానికి కాలపరిమితి ఉన్నది. ఎదుట శ్రోత లేడు. దించడానికి తెర లేదు. ఇక అది వైజ్ఞానిక కల్పన అయినప్పుడు, విశ్వమంతా విహరించిన కథను ఏ తీరాన దింపవలెనన్న ప్రశ్న కూడా తోడవుతుంది.

ఈ విషయ పరిశీలనకు మేము ఎన్నుకున్నది డగ్లస్ ఆడమ్స్ రచించిన ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’. బి.బి.సి. రేడియో 4లో 1978 మార్చి 8న ఇది ప్రారంభమైంది. అరగంట చొప్పున ఆరు భాగాలు. ఆర్థర్ డెంట్ అనే సామాన్యుని ఇంటిని కొత్త రహదారి కొరకు కూల్చబోతుండగానే, నక్షత్రాల మధ్య వేయదలచిన మరొక రహదారి కొరకు భూగోళమే ధ్వంసమవుతుంది. ఇదంతా మొదటి భాగంలోనే జరిగిపోతుంది. సాధారణంగా కథలు దాచిపెట్టుకునే ప్రళయాన్ని ఆరంభంలోనే ఖర్చు చేసిన రచయితకు చివరికి ఏమి మిగులుతుంది?

ఏప్రిల్ 12న ప్రసారమైన ఆరవ భాగం దీనికి సమాధానం. ఆర్థర్, అతని మిత్రుడు ఫోర్డ్ ఒక విచిత్రమైన ఓడలో చిక్కుకుంటారు. టెలిఫోన్లు శుభ్రపరచేవారు, క్షురకులు, వ్యాపార ప్రకటనల ఉద్యోగులు మొదలైనవారిని పనికిరానివారని ఎంచి, ఒక గ్రహంవారు తమ జనంలో మూడవ వంతును ఆ ఓడలో సాగనంపారు. (మిగిలినవారు తరువాత మురికి టెలిఫోన్ వల్ల సోకిన వ్యాధితోనే నశిస్తారు. ఏ వృత్తినైనా చిన్నచూపు చూసేవారు ఈ ఘట్టాన్ని ఒకసారి వినవలెను.) ఆ ఓడ ఒక పచ్చని గ్రహంపై కూలుతుంది. అది లక్షల ఏండ్ల నాటి మన భూమియే. వచ్చినవారు ఆకులను ధనంగా ప్రకటించుకుంటారు. ధనం విలువ పడిపోగానే అడవులను తగులబెట్ట సంకల్పిస్తారు. ఆదిమ మానవులు అంతరించి, వీరే మన పూర్వీకులవుతారని మనకు అర్థమవుతుంది.

అంతకుముందు కథలో ఒక మహాయంత్రం జీవిత పరమార్థానికి సమాధానం ‘42’ అని తేల్చియున్నది. ప్రశ్న మాత్రం తెలియదు. ఆ ప్రశ్నను కనుగొనడానికి నిర్మితమైన యంత్రమే భూమి. పని ముగియడానికి అయిదు నిమిషాల ముందు దానిని కూల్చివేశారు. కావున ఆర్థర్ చేతితో చేసిన అక్షరాల బిళ్ళలను సంచిలోనుండి ఒక్కొక్కటిగా తీసి ప్రశ్నను రాబట్టజూస్తాడు. ఆరును తొమ్మిదితో గుణిస్తే ఎంత అన్నది ఆ ప్రశ్న.

ఇక్కడ శ్రవ్య రూపపు శక్తిని మేము ప్రత్యేకంగా గమనించినాము. బిళ్ళలు మనకు కనబడవు. ఆర్థర్ చదువుతూ ఉంటే, శ్రోత తన మనస్సులో మాటలను కూర్చుకుంటాడు. ప్రశ్న పూర్తికాగానే ఎక్కాలు వచ్చిన పిల్లవాడు సైతం ‘యాభైనాలుగు కదా!’ అంటాడు. లెక్కలోని పొరపాటును నటుడు కాదు, శ్రోతయే పట్టుకుంటాడు. పదమూడు మూలంగా గల సంఖ్యామానంలో ఈ లెక్క సరిపోతుందని కొందరు గణితప్రియులు తరువాత చూపినారు. అది తన ఉద్దేశం కాదని రచయిత కొట్టివేశారు. మా గణిత విద్యార్థులు వేసి చూసుకొనవచ్చును.

అటుపైన మిత్రులిద్దరూ ఆ పచ్చని లోకంలో నడిచిపోతూ ఉండగా, ఈ లోకం ఎంత అందమైనదో చెప్పే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాట వినిపిస్తుంది. ఈ భూమి కూలిపోతుందని వారికి తెలుసు, మనకూ తెలుసు.  కన్నీరు తెప్పించే సంభాషణ ఒక్కటి లేకుండా ఒక పాట ఇంతటి పని చేయడం మేము అరుదుగా విన్నాము.

అయితే కథ అక్కడ ఆగలేదు. ఆ సంవత్సరం క్రిస్మస్‌కు ఒక భాగం, 1980 జనవరిలో మరి అయిదు భాగాలు వెలువడినవి. నవలలు కూడా వచ్చినవి. 1992లో వచ్చిన అయిదవ నవల చివర ఆడమ్స్ సాధ్యమైన లోకాలన్నింటిలోని భూములను నాశనం చేసినారు. ఆ ముగింపు మరీ చీకటి అయినదని తరువాత ఆయనకే తోచింది. దిద్దుకొనక మునుపే 2001 మే 11న మరణించినారు.

మిగిలిన నవలలను 2004, 2005 సంవత్సరాలలో డర్క్ మాగ్స్ రేడియోకు మలచినారు. అగ్రజాగ్ అనే పాత్రను తానే ధరించవలెనని ఆడమ్స్ కోరిక. ఆయన పూర్వం చదివి రికార్డు చేసిన నవలలోని మాటలను తీసి, తోటి నటుల గొంతుల మధ్య అమర్చినారు. 2005 జూన్ 21 నాటి చివరి భాగంలో మాగ్స్ నవలలోని వినాశాన్ని తొలగించలేదు. దానికి ఆవల మరికొన్ని ముగింపులు చేర్చినారు. చెవిలో ఉండి సర్వభాషలను తెలియజేసే బాబెల్ చేప, ప్రళయ క్షణంలో పాత్రలను విశ్వాంతాన ఉన్న భోజనశాలకు చేరుస్తుంది. అక్కడ ఆర్థర్‌కు పోగొట్టుకున్న ప్రేయసి లభిస్తుంది.

గతించిన రచయిత వ్రాసిన విషాదాన్ని మార్చే అధికారం ఇతరులకు ఉన్నదా? ఈ విషయమై మాలో మాకే ఏకాభిప్రాయం కుదరలేదు. రచయిత మనస్సు తెలిసినవారు చేసిన పని కనుక అది అపచారం కాదని కొందరమన్నాము. పాతికేళ్ళ పైబడి అదే ఆర్థర్‌గా సైమన్ జోన్స్ గొంతు విన్నవారికి ఆ ఊరట అవసరమే. కాని కళగా చూచినప్పుడు 1978 నాటి ముగింపే ఉన్నతమైనదని మేమందరమూ ఒప్పుకున్నాము. 2005లో శ్రోతకు కావలసినది శ్రోతకు ఇచ్చినారు. 1978లో శ్రోతకు పని ఇచ్చినారు.

2018 మార్చి 8న, సరిగా నలభై ఏండ్లకు, ఈ ధారావాహిక మరల మొదలైంది. కథను నడిపే ‘పుస్తకం’ గొంతుగా తొలినాడు పీటర్ జోన్స్, పిదప విలియం ఫ్రాంక్లిన్ వినిపించినారు. ఇద్దరూ అప్పటికి గతించియుండుటచే ఆ గొంతు ఈసారి జాన్ లాయిడ్‌ది అయినది. 1978లో ఆరవ భాగాన్ని ఆడమ్స్‌తో కలిసి వ్రాసినవారు ఆయనే.