జంట చిప్పుల గ్రాఫిక్స్ కార్డు – రెండింతల వేగం ఎందుకు రాదు?

ఒకటికి ఒకటి తోడైతే బలం రెండింతలవుతుందని మనం చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చాం. బరువు మోయడంలో, బావి తవ్వడంలో ఈ మాట చాలావరకు నిజమే. కాని అన్ని పనుల్లోనూ ఇది చెల్లదు. కంప్యూటరు ఆటల కోసం తయారైన జంట చిప్పుల గ్రాఫిక్స్ కార్డు ఇందుకు మంచి ఉదాహరణ. ఈ కార్డులు ఇప్పుడు పాతవైపోయి సెకండుహ్యాండు బజారులో చవకగా దొరుకుతున్నాయి. కొన్న విద్యార్థులు ఆశించిన వేగం రాక, కార్డు చెడిపోయిందనో, అమ్మినవాడు మోసం చేశాడనో అనుకుంటారు. అటువంటి సమయంలో దేనిని ముందు చూడాలి, దేనిని తర్వాత చూడాలి అన్నది చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాది కేసముద్రం. 2022 వేసవిలో మా తమ్ముడు అటువంటి కార్డు ఒకటి కొన్నాడు. పసుపు అమ్మగా వచ్చిన పైసల్లో బాపు కొంత ఇచ్చాడు, మిగతాది వాడు దాచుకున్నది. కొత్త ఆట పెట్టి చూస్తే మిత్రుని ఇంట్లో ఉన్న ఒంటి చిప్పు కార్డు కంటే ఇదే మెల్లగా నడుస్తున్నది. "అన్నా, రెండెడ్లు కట్టిన బండి ఒంటెద్దు బండి కంటె మెల్లగ పోతదా? ఆయన మనకు చెడిపోయింది అంటగట్టిండు" అని వాడు అమ్మిన మనిషి మీదికి పోవడానికి తయారైనాడు. నేను రెండు రోజులు ఆగమన్నాను. ఆ రెండు రోజుల్లో మేము నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

అసలు లోపల జరిగేదేమిటి?

ఆట నడిచేటప్పుడు తెరమీద కదిలేది నిజానికి వరుసగా మారే బొమ్మలు. ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అంటారు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కొక్కటి సుమారు 16.7 మిల్లీసెకన్లలో తయారు కావాలి. ఏ వస్తువు ఎక్కడుందో లెక్కగట్టి ఆజ్ఞలు పంపేది ప్రాసెసరు. ఆ ఆజ్ఞల ప్రకారం బొమ్మ గీసేది గ్రాఫిక్స్ చిప్పు.

దీనిని మా ఊరి వ్యవసాయ మార్కెటుతో పోల్చి చూద్దాం. హమాలీ బస్తా తెచ్చి కాంటా మీద పెడతాడు. దడ్వాయి తూకం చూసి రాసుకుంటాడు. ఇక్కడ హమాలీ ప్రాసెసరు, దడ్వాయి గ్రాఫిక్స్ చిప్పు. ఒక కాంటాకు బదులు రెండు కాంటాలు, ఇద్దరు దడ్వాయిలను పెడితే అదే జంట చిప్పుల కార్డు. బేసి బస్తాలు ఒకరికి, సరి బస్తాలు ఇంకొకరికి. ఫ్రేములను కూడా ఇట్లాగే వంతులవారీగా పంచుతారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1999లో ఏటీఐ కంపెనీ రేజ్ ఫ్యూరీ మ్యాక్స్ అనే కార్డులో రెండు చిప్పులు పెట్టి ఇదే పద్ధతి వాడింది. విండోస్ 2000 వచ్చేసరికి అందులో ఒక్క చిప్పే పనిచేసింది! అంటే "రెండున్నా ఒక్కటే నడుస్తున్నది" అనే ఫిర్యాదు వయసు కూడా ఇరవై ఏళ్లు దాటింది. 2000లో త్రీడీఎఫ్ఎక్స్ వారి వూడూ5 5500 మరో దారి పట్టింది. ఒకే బొమ్మను అడ్డగీతలుగా విడగొట్టి, పొలంలో సాళ్లు పంచుకున్నట్టు రెండు చిప్పులూ పంచుకునేవి. ఆ తర్వాత ఎన్‌విడియా వారి జీటీఎక్స్ 295 (2009), జీటీఎక్స్ 690 (2012), ఏఎండీ వారి రేడియాన్ హెచ్‌డీ 6990 (2011), ఆర్9 295ఎక్స్2 (2014) వంటివి వచ్చాయి. 2016 నాటి రేడియాన్ ప్రో డ్యుయో తర్వాత ఆటల కోసం ఇటువంటి కార్డులు తెచ్చే పద్ధతి ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో కింద చెప్పిన సంగతులను బట్టి పాఠకులకే తెలుస్తుంది.

మొదట కొలవండి, తర్వాత విప్పండి

వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వడు. మనమూ స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు కొలతలు తీసుకోవాలి. డివైస్ మేనేజరులో డిస్‌ప్లే అడాప్టర్లు రెండు కనిపించాలి. ఒక్కటే కనిపిస్తే పాత డ్రైవరును పూర్తిగా తీసివేసి, ఆ కార్డుకు సరిపోయే డ్రైవరును మళ్లీ వేయాలి. అప్పటికీ కనిపించకపోతే కార్డులోనే లోపం ఉండవచ్చు. రెండూ కనిపిస్తే జీపీయూ-జెడ్ వంటి ఉచిత సాధనం తెరిచి పెట్టి, అరగంట ఆట ఆడాలి. ఒక్కొక్క చిప్పు ఎంత శాతం పనిచేస్తున్నది, వేడి ఎంత, మెమొరీ ఎంత నిండింది అన్న మూడింటినీ కాగితం మీద రాసుకోవాలి. సాధారణంగా ఈ నాలుగు లక్షణాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది.

1. ఒక చిప్పు నిండా పని, రెండోది ఖాళీ

మా తమ్ముని కార్డులో కనిపించింది ఇదే. ఒకటి 99 శాతం, రెండోది సున్నా. దీనికి తరచుగా కారణం కార్డు కాదు, ఆటే. ఫ్రేములను ఎట్లా పంచాలో డ్రైవరులో ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క ప్రొఫైలు ఉండాలి. లేకపోతే రెండో చిప్పు ఊరికే కూర్చుంటుంది. ఆట చిన్న కిటికీలో నడుస్తున్నా కొన్ని కార్డుల్లో జంట పద్ధతి పనిచేయదు; పూర్తి తెరలో పెట్టి చూడాలి.

కొత్త ఆటల్లో మరో చిక్కు ఉన్నది. అవి వెనుకటి ఫ్రేములోని సమాచారాన్ని తీసుకుని కొత్త ఫ్రేము అంచులను నునుపు చేస్తాయి. రెండో దడ్వాయి తన బస్తా తూకం వేయడానికి మొదటి దడ్వాయి వేసిన మొత్తం కోసం కాచుకుని కూర్చోవాల్సి వస్తే ఇద్దరుండి ఏమి లాభం? పని పంచుకోవడానికి వీలుండదు.

2015లో విండోస్ 10తోపాటు వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12లో రెండు చిప్పులను నడిపే బాధ్యతను చాలావరకు ఆట రాసేవారికే అప్పగించారు. కొద్దిమంది తప్ప ఆ శ్రమ ఎవరూ తీసుకోలేదు. 2021 జనవరి 1 నుంచి ఎన్‌విడియా కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైళ్లు ఇవ్వడం మానేసింది. జీటీఎక్స్ 690 తరం కార్డులకు ఆటల డ్రైవర్లు, ఆర్9 295ఎక్స్2 తరం కార్డులకు మామూలు డ్రైవర్లు కూడా 2021లోనే నిలిచిపోయాయి. కాబట్టి కొత్త ఆటలో రెండో చిప్పు లేవకపోతే అది జబ్బు కాదు, ఆ కార్డు కాలం తీరిపోయిందన్నమాట.

2. రెండు చిప్పులూ సగం సగమే పనిచేయడం

రెండు కాంటాలు పెట్టి హమాలీని ఒక్కణ్ణే ఉంచితే దడ్వాయిలిద్దరూ చేతులు ముడుచుకుని కూర్చుంటారు. అట్లాగే ప్రాసెసరు మెల్లనిదైతే రెండు చిప్పులూ ఆజ్ఞల కోసం ఎదురుచూస్తాయి. పరీక్ష సులువు. ఆటలో రిజల్యూషన్ తగ్గించి చూడండి. వేగం పెరగకపోతే లోపం ప్రాసెసరు దగ్గర ఉన్నది. కార్డు మార్చినా ప్రయోజనం ఉండదు.

ఇంకో సంగతి. వేగం సరిగ్గా 60 దగ్గర నిలకడగా ఆగిపోతే వి-సింక్ ఆన్‌లో ఉన్నదేమో చూడండి. తెర వేగానికి ఆట వేగాన్ని అది కట్టేస్తుంది. అప్పుడు చిప్పులు సగం పని చేయడం మంచిదే, లోపం కాదు.

3. సంఖ్య బాగుంది, కన్ను ఒప్పుకోదు

సెకనుకు 59 ఫ్రేములని చూపిస్తుంది, కాని బొమ్మ కుదుపులతో నడుస్తుంది. ఇది కంటి భ్రమ కాదు. ఒక ఫ్రేము 6 మిల్లీసెకన్లకు, తర్వాతది 28 మిల్లీసెకన్లకు, మళ్లీ 6, మళ్లీ 28 ఇట్లా వస్తున్నాయనుకోండి. సగటు 17 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు సుమారు 59. కాని కంటికి తగిలేది 28 మిల్లీసెకన్ల జాప్యమే. అది సెకనుకు 36 ఫ్రేముల అనుభవంతో సమానం. సగటు లోతు మోకాలి దాకా ఉన్న వాగులో కూడా మనిషి మునుగుతాడు కదా!

2011లో స్కాట్ వాసన్ అనే రచయిత టెక్ రిపోర్టులో ఫ్రేములను సెకను లెక్కన కాక ఒక్కొక్కటిగా కొలిచి చూపించాక ఈ సంగతి అందరి దృష్టికీ వచ్చింది. 2013 ఆగస్టులో ఏఎండీ తన డ్రైవరులో ఫ్రేముల మధ్య ఎడం సరిచేసే ఏర్పాటు తెచ్చింది. కనుక పాత కార్డుకు మరీ పాత డ్రైవరు వేయకూడదు. దానికి వచ్చిన చివరి డ్రైవర్లలో స్థిరమైనది వేయాలి. వేగాన్ని 60కో, 50కో, 45కో కట్టేస్తే కూడా కుదుపు తగ్గుతుంది.

మెమొరీ నిండినా ఇట్లాంటి కుదుపే వస్తుంది. ఇక్కడ కొనేవారు మోసపోయే మాట ఒకటున్నది. జీటీఎక్స్ 690 పెట్టె మీద 4 జీబీ అని ఉంటుంది. కాని అది 2, 2 జీబీలుగా విడిపోయి ఉంటుంది. ఇద్దరు దడ్వాయిల దగ్గరా అదే చిట్టా రెండు ప్రతులుగా ఉన్నట్టు, ఒకే సమాచారం రెండు చోట్లా రాసి ఉంటుంది. ఆటకు అక్కరకు వచ్చేది 2 జీబీ మాత్రమే. 8 జీబీ అనే ఆర్9 295ఎక్స్2లో వాడకానికి వచ్చేది 4. కుదుపు వస్తే ముందుగా టెక్స్‌చర్ల నాణ్యత ఒక మెట్టు తగ్గించండి.

4. మొదట బాగుండి, పది నిమిషాలకు పడిపోవడం

ఇది వేడి, కరెంటు తాలూకు లక్షణం. చల్లని గదిలో 25 డిగ్రీలుంటే, కార్డు దానికి 45 డిగ్రీలు పైన పనిచేస్తుందనుకుందాం. అప్పుడు చిప్పు వేడి 70. మే నెలలో మన రేకుల ఇంట్లో 42 ఉంటే అదే కార్డు 87కు చేరుతుంది. హద్దు దాటగానే చిప్పు తన వేగం తానే తగ్గించుకుంటుంది. దుమ్ము దులపడం, పెట్టె పక్క రేకు తీసి చూడడం, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చడం ఇందుకు మందులు.

కరెంటు సంగతి మరింత ముఖ్యం. హెచ్‌డీ 6990కి 375 వాట్లు కావాలి, ఆర్9 295ఎక్స్2కి 500. మదర్‌బోర్డు స్లాటు ఇవ్వగలిగింది 75 వాట్లు. ఎనిమిది పిన్నుల తీగ ఒక్కొక్కటి లెక్క ప్రకారం 150. రెండు తీగలు, స్లాటు కలిపితే 375. మరి 500 అడిగే కార్డు మిగతాది ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది? ఆ తీగలనుంచే ఎక్కువగా గుంజుకుంటుంది. అందుకే ఒకే తీగను రెండుగా చీల్చి రెండు సాకెట్లకూ పెట్టకూడదు. పవర్ సప్లయి నుంచి రెండు వేరు వేరు తీగలు రావాలి. మా ఇంట్లో జరిగిన తప్పు ఇదే. తమ్ముడు చీలిక తీగ వాడినాడు. పట్టుకుని చూస్తే తీగ వేడిగా తగిలింది. ఇటువంటిచోట తీగ కాలిపోయే ప్రమాదం కూడా ఉన్నది.

లెక్క చెప్పే మాట

1967లో జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజనీరు చెప్పిన సూత్రం ఈ అన్నింటికీ మూలం. పనిలో పంచుకోలేని భాగం ఎంత ఉంటే, మనుషుల్ని పెంచినా వేగం అంతమేరకు ఆగిపోతుంది. నూరు నిమిషాల పనిలో 40 నిమిషాలది పంచుకోలేనిదైతే, మిగతా 60ని ఇద్దరు చేస్తే 30 పడుతుంది. మొత్తం 70. అంటే రెండింతలు కాదు, సుమారు 1.43 రెట్లు మాత్రమే. సగం పంచుకోలేనిదైతే 1.33 రెట్లు. ఇక్కడ పంచడానికి అయ్యే ఖర్చు లెక్కలో వేయలేదు. అదీ వేస్తే కొన్నిసార్లు ఒక్కడే చేయడం నయం.

కాబట్టి జంట పద్ధతిని డ్రైవరు ప్యానెల్‌లో ఆపివేసి, ఒంటి చిప్పుతో అదే ఆటను, అదే చోట మళ్లీ కొలవండి. ఇది అన్నిటికంటే మంచి పరీక్ష. ఒంటి చిప్పుతోనే బాగుంటే మొహమాటపడకుండా ఆ ఆటకు అట్లాగే ఉంచండి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగు మార్పులు కలిపి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు.

మా కథ ముగింపు చెప్పి సెలవు తీసుకుంటాను. తీగలు మార్చాము, డ్రైవరు మళ్లీ వేశాము. 2012, 13 నాటి ఆటల్లో రెండు చిప్పులూ లేచాయి. తమ్ముడు సంతోషించాడు. కొత్త ఆటలో మాత్రం రెండోది లేవలేదు, లేవదు కూడా. కార్డు చెడిపోలేదని, అమ్మిన మనిషి అబద్ధం చెప్పలేదని వానికి అర్థమైంది. ఆయన చెప్పింది రెండు చిప్పులున్నాయని. రెండింతలు వస్తుందని అనుకున్నది మేమే. బాపు అంతా విని, "పైసలు పోతె పోయినయి గాని, ఆయనతోని లొల్లి పెట్టుకోలేదు, అదే పదివేలు" అన్నాడు.

యంత్రం మీదా, మనిషి మీదా నేరం మోపేముందు ఒకసారి కొలిచి చూడడం మంచిది. విజ్ఞానశాస్త్రం చదువుకునే మనకు ఇంతకంటే ముఖ్యమైన పాఠం మరొకటి లేదు.