లింకు పంపితే పంచినట్టేనా?

'పంచుకోవడం' అనే మాటకి తెలుగులో రెండు అర్థాలున్నాయి. అన్నదమ్ములు పొలం పంచుకున్నారంటే, ముక్కలు చేసి ఎవరి వాటా వాళ్లు తీసుకున్నారని. స్నేహితులు కష్టసుఖాలు పంచుకున్నారంటే, ఎవరికీ ఏమీ తగ్గలేదని, పైగా ఇద్దరి మనసూ తేలికపడిందని. మాట ఒకటే. ఒకచోట భాగహారం, ఇంకోచోట కూడిక.

మన కాలేజీలో మన దగ్గర ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఈ రెండో రకానివే. నా దగ్గరున్న పది రూపాయలు మీకిస్తే నా జేబు ఖాళీ. నేను రాసుకున్న డీబీఎంఎస్ నోట్స్ మీకిస్తే నా దగ్గరా ఉంటుంది, మీ దగ్గరా ఉంటుంది. కోడ్, ప్రాజెక్టు రిపోర్టు, ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలు, ఒక ఎర్రర్ ఎలా పోయిందన్న సంగతి, ఇవన్నీ అంతే. అయినా మిడ్ పరీక్షలు వచ్చేసరికి వీటిని పొలం గట్టులాగా కాపలా కాస్తుంటాం. ఎందుకు? సరే, పంచుదాం అనుకుంటే ఎలా పంచాలి? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసం.

భయం అబద్ధం కాదు

దాచుకునేవాళ్లందరూ స్వార్థపరులని నేను అనను. రిలేటివ్ గ్రేడింగ్ ఉన్నచోట పక్కవాడి మార్కులు పెరిగితే నా గ్రేడు తగ్గొచ్చు, అది లెక్క. కానీ ఆ లెక్కలో రెండు విషయాలు వదిలేస్తున్నాం.

మొదటిది, చెప్పేవాడికి వచ్చే లాభం. మన ఫీల్డులో 'రబ్బర్ డక్ డీబగ్గింగ్' అనే పద్ధతి ఉంది. 1999లో వచ్చిన 'ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్' అనే పుస్తకంతో ఆ పేరు బాగా ప్రచారంలోకి వచ్చింది. కోడ్‌లో తప్పు దొరక్కపోతే టేబుల్ మీద ఒక రబ్బరు బాతు పెట్టుకుని, ఒక్కొక్క లైను ఏం చేస్తుందో దానికి చెప్పాలి. చాలాసార్లు సగంలోనే తప్పు మనకే కనబడిపోతుంది. ఉలుకూ పలుకూ లేని బాతుకి చెబితేనే అంత లాభముంటే, మధ్యలో ఆపి "అదెలా?" అని అడిగే మనిషికి చెబితే ఎంత ఉండాలి?

రెండోది, క్లాసు అనేది నాలుగేళ్ల పోటీ మాత్రమే. ఆ తర్వాత ఉద్యోగంలో చేసేదంతా టీములోనే. ఒకరు రాసిన కోడ్ ఇంకొకరు చదవాలి, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పాలి. నాలుగేళ్లు దాచుకోవడం ప్రాక్టీసు చేసి, ఐదో ఏడు మొదటి రోజున పంచడం ఎలా వస్తుంది?

పంచనిది ఏమవుతుంది?

దీనికి జవాబు మన సాహిత్య చరిత్రలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకునే నాటికి మన కావ్యాలు చాలావరకు తాటాకుల మీదే ఉన్నాయి. ఎవరింట్లో ప్రతి వాళ్లింట్లోనే. వాటిలో కొన్ని చెదలు పట్టాయి, కొన్ని అక్షరాలు చెరిగిపోయాయి, రాసేవాళ్ల చేతుల్లో తప్పులు చేరాయి. బ్రౌన్ వాటిని సేకరించాడు. కడపలో పండితులను జీతమిచ్చి పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికిన వేర్వేరు ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి చూపించి, శుద్ధ ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లిష్ అనువాదంతో అచ్చు వేయించాడు. 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చాడు.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే, ఒకే ఇంట్లో ఉన్న ఒక్క ప్రతికి ఆ ఇల్లే దిక్కు. పది ఇళ్లలో పది ప్రతులుంటే ఒకటి పోయినా తొమ్మిది ఉంటాయి. ఒకదానిలో తప్పుంటే మిగతావి దాన్ని పట్టిస్తాయి. మన భాషలో దీన్ని బ్యాకప్ అంటాం, కోడ్ రివ్యూ అంటాం. తాటాకుకి చెదలు పట్టినట్టే ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి హార్డ్ డిస్క్ క్రాష్ పడుతుంది.

పంచితే ఏమవుతుంది?

1991 ఆగస్టు 25న హెల్సింకి యూనివర్సిటీలో చదువుతున్న 21 ఏళ్ల కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్, తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అందులో ఏముంటే బాగుంటుందో చెప్పమని నలుగురినీ అడిగాడు. అప్పటికి అది పూర్తి కాలేదు. అంటే, పూర్తయ్యాక చూపిద్దామని ఆగలేదన్నమాట. మొదట్లో దాన్ని డబ్బుకి పంపిణీ చేయకూడదని షరతు పెట్టాడు. 1992లో ఆ షరతు తీసేసి, గ్నూ వాళ్ల జీపీఎల్ లైసెన్సు కిందకు మార్చాడు. ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, అమ్మొచ్చు కూడా. కానీ మార్చినదాన్ని ఇతరులకిస్తే సోర్స్ కోడ్ కూడా అదే హక్కులతో ఇవ్వాలి.

ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లైనక్స్ కెర్నలే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. ఒక్కడు గదిలో కూర్చుని రాసుంటే ఇది జరిగేది కాదు. కేవలం ఉచితంగా ఇచ్చినందుకూ జరగలేదు. తీసుకున్నవాళ్లు తిరిగి ఇచ్చే దారి కూడా వేసిపెట్టినందుకు జరిగింది.

పంపడం వేరు, పంచడం వేరు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మనలో చాలామంది పంచుతున్నామనే అనుకుంటాం. గ్రూపులో నాలుగు జీబీల డ్రైవ్ లింకు పడేస్తాం. నొక్కితే పర్మిషన్ అడుగుతుంది. పర్మిషన్ వచ్చాక చూస్తే 'న్యూ ఫోల్డర్ 2', 'ఫైనల్', 'ఫైనల్ ఫైనల్'. రేపు పరీక్ష ఉన్నవాడు అందులో యూనిట్ 3 ఎక్కడుందో వెతుక్కునేలోపు తెల్లారిపోతుంది. మన చేతిలోంచి వెళ్లింది గానీ అవతలివాడి చేతికి అందలేదు.

తెలుగు ఫైళ్లతో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు కథని ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. కారణం ఏంటంటే, ఆ ఫైలులో నిజానికి తెలుగు అక్షరాలు లేవు. ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యలే ఉన్నాయి, వాటి మీద తెలుగు బొమ్మలు అతికించారంతే. ఫాంట్ తీసేస్తే బొమ్మ పోతుంది. యూనికోడ్ ఈ సమస్యని మూలంలో పరిష్కరించింది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి సొంత సంఖ్యలున్నాయి. 'అ' సంఖ్య 3077. ఫోన్‌లోనైనా, అమెరికాలో ఉన్న అక్క ల్యాప్‌టాప్‌లోనైనా 3077 అంటే 'అ'నే. ఫాంట్ ఏదైనా అక్షరం మారదు. ఇచ్చేవాడూ తీసుకునేవాడూ ముందే ఒక ఒప్పందానికి వస్తేనే పంచడం కుదురుతుందని ఇది నేర్పే పాఠం.

కాబట్టి నా నిర్వచనం ఇది: నా చేతిలోంచి వెళ్లినప్పుడు కాదు, అవతలివాళ్ల చేతిలో పనిచేసినప్పుడే పంచడం పూర్తవుతుంది.

మరి ఎలా పంచాలి?

1. ముందు అడగండి. "నీకు ఏది అర్థం కాలేదు?" అన్న ఒక్క ప్రశ్న నాలుగు జీబీల కన్నా విలువైనది. నార్మలైజేషన్ అడిగినవాడికి సబ్జెక్టు మొత్తం ఇస్తే, దాహం వేసినవాడిని చెరువులోకి తోసినట్టే.

2. తెరుచుకునేలా ఇవ్వండి. పంపేముందు లింకుని వేరే అకౌంట్ నుంచి ఒకసారి తెరిచి చూడండి. తెలుగైతే యూనికోడ్‌లో ఉంచండి. ఎవరైనా సరిదిద్దాల్సిన ఫైలైతే ఫోటో కాకుండా టెక్స్ట్ ఇవ్వండి.

3. ఎలా వాడాలో రాయండి. ప్రాజెక్టుతో పాటు ఒక రీడ్‌మీ ఫైలు ఉండాలి. ఇది ఏం చేస్తుంది, పైథాన్ ఏ వెర్షన్ కావాలి, ఏ లైబ్రరీలు వేసుకోవాలి, ఏ కమాండ్‌తో మొదలుపెట్టాలి, ఇంకా ఏది పనిచేయడం లేదు. ఐదు ముక్కలు చాలు. "నా సిస్టమ్‌లో పనిచేసింది" అనేది జవాబు కాదు.

4. అనుమతి రాసి ఇవ్వండి. గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెడితే ఎవరైనా వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందకే వస్తుంది. లైసెన్సు రాయకపోతే హక్కులన్నీ రాసినవాళ్లవే. పేరు ఉంచి ఏమైనా చేసుకోమనుకుంటే ఎంఐటీ లైసెన్సు, మార్చి పంచేవాళ్లు కూడా తిరిగి పంచాలనుకుంటే జీపీఎల్, కథలూ వ్యాసాలకైతే క్రియేటివ్ కామన్స్. తెలుగు వికీపీడియాలో వ్యాసాలు మనం ధైర్యంగా వాడుకోగలుగుతున్నామంటే ఇలాంటి లైసెన్సు ఉండబట్టే.

5. ఎవరిదో చెప్పండి. సీనియర్ అక్క రాసిన నోట్స్ మీద మన పేరు వేసుకుని జిరాక్స్ షాపులో ఇవ్వడం పంచడం కాదు. పేరు చెబితే మనకి పోయేదేం లేదు, ఆవిడకి ఇంకో నోట్స్ రాయాలనిపిస్తుంది.

6. ఏది పంచకూడదో తెలుసుకోండి. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు, ఇతరుల ఫోన్ నంబర్లు పంచకూడదు. కీని గిట్‌లో పెట్టి తర్వాతి కమిట్‌లో చెరిపేసినా పాత హిస్టరీలో అది అలాగే ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సిందే. అలాగే ల్యాబ్ రికార్డు మొత్తం ఇచ్చేయడం సాయంలా కనిపిస్తుంది గానీ, అది నేర్చుకునే అవకాశం తీసేయడం. దారి చెప్పండి, నడవడం వాళ్లకే వదిలేయండి.

అడగనివాళ్ల సంగతి

ఇంతవరకు అడిగేవాళ్ల గురించి మాట్లాడుకున్నాం. కానీ ప్రతి ఫస్టియర్ క్లాసులోనూ అసలు అడగనివాళ్లు కొందరుంటారు. తెలుగు మీడియంలో చదివి, ఊళ్లో మొదటిసారి ఇంజనీరింగ్‌కి వచ్చినవాళ్లు. డౌట్ ఉంటుంది, అది ఇంగ్లిష్‌లో ఎలా అడగాలో తెలియదు. గ్రూపులో టైపు చేసి, పంపకుండా చెరిపేస్తారు. వాళ్లకి మన డ్రైవ్ లింకు దొరికినా సరిపోదు. కొందరు బ్యాక్‌లాగులతో ఆగిపోవడానికి తెలివి తక్కువై కాదు, అడిగే మనిషి దొరక్కే.

నేను చదివింది ఇంగ్లిష్ మీడియమే. తెలుగులో చెబితే స్థాయి తగ్గుతుందేమో అన్న భావన మా అందరిలోనూ కొంచెం ఉంటుంది. కానీ రికర్షన్ ఇలా చెప్పి చూడండి. రేషన్ షాపు క్యూలో నువ్వు ఎన్నోవాడివో తెలియాలి. ముందున్న ఆయన్ని "మీరు ఎన్నో వారండీ?" అని అడుగు. ఆయనకీ తెలియదు, తన ముందాయన్ని అడుగుతాడు. అలా అడుగుతూ పోతే అందరికన్నా ముందున్న ఆవిడ "నేను ఒకటి" అంటుంది. అదే బేస్ కేస్. అక్కణ్ణుంచి ఒక్కొక్కరూ ఒకటి కలుపుకుంటూ వెనక్కి చెబితే నీ నంబరు నీకొచ్చేస్తుంది. ఇందులో స్థాయి ఎక్కడ తగ్గింది?

మనకన్నా ముందువాళ్లు ఈ పని చేసి చూపించారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. చదివేవాళ్లే గ్రంథాలయానికి రావాలని ఆగలేదు. పుస్తకాలనే పడవెక్కించి, కాలువ ఒడ్డున ఉన్న ఊళ్లకు తీసుకెళ్లారు. పల్లెలో మనిషికి తీరిక ఎప్పుడుంటుందో, కాళ్లు ఎంత దూరం నడుస్తాయో ఆలోచించి చేసిన పని అది. మన పడవ ఏంటంటే, హాస్టల్ మెస్‌లో పక్కన కూర్చుని "ఏం తమ్ముడూ, సీ ప్రోగ్రామింగ్ ఎలా ఉంది?" అని అడగడం. వాడు "బాగుందన్నా" అనే అంటాడు. రెండోసారి అడిగితే పాయింటర్ల దగ్గర ఆగిపోయానని చెబుతాడు.

ఈ వారం చేసి చూడండి

మీ దగ్గరున్న ఒక ప్రాజెక్టుకి రీడ్‌మీ, లైసెన్సు రాయండి. మీకు బాగా తెలిసిన ఒక టాపిక్‌ని ఒక్క పేజీలో తెలుగులో రాయండి, టెక్నికల్ పదాలు అలాగే ఉంచండి. ఆ పేజీని గ్రూపులో పెట్టే ముందు ఒక జూనియర్‌కి ఇచ్చి, పక్కన కూర్చుని చదవమనండి. ఎక్కడ ఆగితే అక్కడ మీ రాత మార్చండి. చివర్లో "తప్పులుంటే దిద్దండి" అని రాసి అందరికీ ఇవ్వండి.

తెలుగులో 'పాలుపంచుకోవడం' అని ఇంకో మాట ఉంది. ఒక పనిలో భాగస్వామి కావడం అని దానర్థం. ఆ జూనియర్ రేపు మీ పేజీలో ఒక తప్పు దిద్ది పంపిన రోజున, మీరు పంచినది వాడి చేతిలో పనిచేసిందని నమ్మొచ్చు.