వంతెనకు అటు ఒక ధర, ఇటు ఒక ధర

మంగమ్మది కోనసీమలో గోదావరి ఒడ్డున ఉన్న ఒక పల్లె. మంగమ్మ నాట్లకు వెళుతుంది. నాట్లు లేనప్పుడు కొబ్బరి పీచు పనికి వెళుతుంది. ఆమె భర్త కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపుతాడు. వాళ్ళకు ఒక ఆడపిల్ల. పదో తరగతి చదువుతోంది.

అది 2021వ సంవత్సరం. వానాకాలం. పొదుపు సంఘం మీటింగు జరుగుతోంది. అందరూ వాయిదా కట్టారు. మంగమ్మ వంతు వచ్చింది. మంగమ్మ తల వంచుకుని కూర్చుంది.

"ఏం మంగమ్మా, వాయిదా తేలేదా?" అని లీడరు అడిగింది.

"లేదొదినా. వాయిదా డబ్బులూ, పిల్ల ఫీజు డబ్బులూ లాయరుకే అయిపోయాయి" అంది మంగమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జరిగింది ఇది. మంగమ్మ భర్త గోదావరి వంతెన దాటి యానాం వెళ్ళాడు. అక్కడ మందు చవక. పది సీసాలు కొన్నాడు. రెండు తనకి, ఎనిమిది ఊళ్ళో అమ్ముదామని. తిరిగి వస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. కేసు పెట్టారు. బండి కూడా తీసుకుపోయారు.

"తప్పు చేశాడు, నేను కాదనను. కానీ నాకు ఒకటి అర్థం కాలేదు" అంది మంగమ్మ. "సీసా అదే. సరుకు అదే. యానాం కొట్లో కొంటే తప్పు లేదంట. వంతెన దాటితే నేరమంట. అసలు అక్కడ చవకేంటి, ఇక్కడ ప్రియమేంటి?"

ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ఆ ఊళ్ళో రిటైరైన పంతులమ్మగారు ఉన్నారు. ఆమె కూడా మీటింగుకు వచ్చారు. సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరకు వెళ్ళారు.

సీసా ధరలో ఏముంది?

"మంగమ్మ మంచి ప్రశ్న అడిగింది" అన్నారు పంతులమ్మగారు. "సబ్బు బిళ్ళ మీద వేసే జీఎస్టీ పన్ను మన ఊళ్ళోనూ అంతే, యానాంలోనూ అంతే. 2017 జులై 1 నుంచి చాలా సరుకుల మీద దేశమంతా ఈ పన్నే. కానీ తాగే మద్యాన్ని అందులో చేర్చలేదు. మద్యం మీద ఎంత పన్ను వేయాలి, ఎవరు అమ్మాలి, ఎంతకు అమ్మాలి అనే అధికారం రాష్ట్రాలదే. రాజ్యాంగం అలా ఇచ్చింది."

"మరి యానాం?" అని ఒకామె అడిగింది.

"యానాం మన పక్కనే ఉంది. మన మాటే మాట్లాడతారు. కానీ అది ఆంధ్రప్రదేశ్ కాదు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ పాలనలో ఉండేది. 1954లో మన దేశంలో కలిసింది. ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక భాగం. అక్కడి పన్ను వేరు, ఇక్కడి పన్ను వేరు."

పంతులమ్మగారు బోర్డు మీద ఇలా రాశారు. ఇవి అసలు ధరలు కావు. లెక్క తెలియడానికి వేసుకున్న అంకెలు.

ఎక్కువ పన్ను ఉన్న చోట:
కంపెనీకి 30 రూపాయలు
ప్రభుత్వానికి పన్నులు 90 రూపాయలు
కొట్టుకు 10 రూపాయలు
మొత్తం 130 రూపాయలు

తక్కువ పన్ను ఉన్న చోట:
కంపెనీకి 30 రూపాయలు
ప్రభుత్వానికి పన్నులు 40 రూపాయలు
కొట్టుకు 10 రూపాయలు
మొత్తం 80 రూపాయలు

"కంపెనీ వాటా మారిందా?" అని అడిగారు.

"లేదండి."

"కొట్టు వాటా?"

"అదీ లేదండి. పన్నే మారింది!" అంది మంగమ్మ.

"అదే సంగతి. అక్కడ కొన్న సీసాకు అక్కడి పన్ను కట్టినట్టు. ఇక్కడి పన్ను కట్టినట్టు కాదు. అందుకే అనుమతి లేకుండా పక్క రాష్ట్రం మద్యం తెచ్చి అమ్మితే నేరం. సీసా మీద ఏ రాష్ట్రంలో అమ్మాలో కూడా రాసి ఉంటుంది."

ప్రభుత్వం చేతిలో ఎందుకు?

మద్యం వ్యాపారాన్ని ప్రభుత్వాలు తమ చేతిలో ఉంచుకుంటాయి. దానికి మూడు కారణాలు చెబుతాయి. ఒకటి, కల్తీ జరగకుండా చూడటం. రెండు, తాగుడు తగ్గించడం. మూడు, ఆదాయం.

ఆంధ్రప్రదేశ్‌లో 1986 నుంచి మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ సంస్థదే. కంపెనీలు సరుకును ఆ సంస్థకు అమ్మాలి. కొట్లవాళ్ళు దాని దగ్గరే కొనాలి. సీసా మీద వేసే ధరను ప్రభుత్వమే ఖాయం చేస్తుంది. తెలంగాణ వేరే రాష్ట్రం అయ్యాక అక్కడా ఇలాంటి సంస్థే ఉంది.

"తాగుడు తగ్గాలంటారు. ఆదాయం కావాలంటారు. రెండూ ఎలా కుదురుతాయండీ?" అని లీడరు అడిగింది.

"ఈ ప్రశ్న మన ఆడవాళ్ళు ముందే అడిగారు" అన్నారు పంతులమ్మగారు.

1992లో ఏం జరిగింది?

అప్పట్లో సారా అమ్మే హక్కును ప్రభుత్వం వేలం వేసేది. ఎక్కువ పాడిన కాంట్రాక్టరుకు హక్కు దక్కేది. పాట సొమ్ము రాబట్టుకోవాలంటే అతను ఎక్కువ సారా అమ్మాలి. అందుకే ప్యాకెట్లు ఊరూరికీ, వీధివీధికీ చేరాయి. మగవాళ్ళ కూలి డబ్బు సారాకు పోయేది. ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు రాత్రి బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నారు. తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు సారా కొట్టును మూయించారు. ఆ కబురు ఊరూరా పాకింది. ఆడవాళ్ళు సారా వేలంపాటలను అడ్డుకున్నారు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. కానీ ప్రభుత్వానికి ఆదాయం పడిపోయింది. పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు వచ్చింది. 1997లో నిషేధం సడలించారు. సారా నిషేధం మాత్రం అలాగే ఉంచారు.

ధర పెంచితే మానతారా?

2019 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే మద్యం కొట్లు నడిపింది. 2020 మే నెలలో ధరలను మొదట 25 శాతం, ఆ వెంటనే మరో 50 శాతం పెంచింది. తాగుడు మాన్పించడానికే పెంచామని చెప్పింది.

"మానారా?" అని పంతులమ్మగారు అడిగారు.

"మా మరిది మానాడండి. ఎప్పుడో ఒకసారి తాగేవాడు. ఇంత ధర ఎవడు పెడతాడని వదిలేశాడు" అంది ఒకామె.

"మా ఆయన మానలేదండి" అంది ఇంకొకామె. "ముందు నెలకు రెండు వేలు తీసుకునేవాడు. తరువాత మూడు వేలు తీసుకున్నాడు. నేను పాలు మానిపించాను. నూనె తగ్గించాను."

"మా ఆయన యానాం దారి పట్టాడు" అంది మంగమ్మ. "చవక కదా అని ఒకటి తాగేవాడు రెండు తాగాడు."

ముగ్గురు చెప్పిందీ నిజమే. ధర పెరిగితే మొత్తం మీద తాగేవాళ్ళు కొంత తగ్గిస్తారు. చాలా దేశాల్లో ఇది తేలింది. కానీ అలవాటు ముదిరినవాడు మానలేడు. ఆ పెరిగిన ధర ఇంట్లోవాళ్ళ కంచం మీద పడుతుంది. కొందరు పక్క రాష్ట్రం సరుకు వెతుకుతారు. కొందరు నాటుసారా తాగుతారు. నాటుసారాలో ఏం కలిసిందో ఎవరికీ తెలియదు. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో, మద్యం కొట్లు మూసిన రోజుల్లో, చేతులకు రాసుకునే శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు.

పక్కపక్క ప్రాంతాల ధరల్లో తేడా ఎక్కువైతే దొంగ రవాణా పెరుగుతుంది. 2020లో పుదుచ్చేరి కూడా ప్రత్యేక పన్ను వేసి ధరలు పెంచింది. పక్క రాష్ట్రాల ధరలకు దగ్గర చేసింది. మరుసటి ఏడాది ఆ పన్ను తీసేసింది. యానాంలో మళ్ళీ చవకైంది.

తరువాత ఏం మారింది?

2024 అక్టోబరు 16 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ ప్రైవేటు కొట్లు వచ్చాయి. క్వార్టరు సీసాను 99 రూపాయలకే అమ్మే పద్ధతి తెచ్చారు. ప్రభుత్వాలు మారాయి. కొట్లు మారాయి. ధరలు ఒకసారి పెరిగాయి, ఒకసారి తగ్గాయి. కానీ ఇంటి లెక్క ఎవరు వేయాలి? అది ఇల్లాలే వేసుకోవాలి.

ఆ రోజు మీటింగులో మంగమ్మ ఆ లెక్క తన చేత్తో తనే వేసింది. రోజుకు 100 రూపాయలు తాగుడుకు పోతే నెలకు 3,000. ఏడాదికి 36,500. ఆమె అంకెలు రాసి, మళ్ళీ చదివింది. "ఇది మా పిల్ల కాలేజీ చదువండీ" అంది మెల్లగా.

పంతులమ్మగారు ఇంకో లెక్క వేయించారు. లైసెన్సు లేకుండా అమ్మేవాణ్ణి బెల్టు షాపు అంటారు. అతను సీసా మీది ధర కంటే 20 రూపాయలు ఎక్కువ తీసుకుంటే, రోజుకు ఒక సీసా చొప్పున ఏడాదికి 7,300 రూపాయలు. ఆ డబ్బుతో బడి కట్టరు, రోడ్డు వేయరు. అది పన్ను కాదు, దోపిడీ.

సంఘం రెండు తీర్మానాలు చేసింది. మంగమ్మ వాయిదాకు రెండు నెలలు గడువు ఇచ్చారు. ఊళ్ళో బెల్టు షాపు పెడితే అందరూ సంతకాలు చేసి ఎక్సైజు అధికారులకు అర్జీ ఇవ్వాలనుకున్నారు. వేలిముద్రలు కాదు, సంతకాలు.

మంగమ్మ భర్తను ఆస్పత్రికి తీసుకువెళ్ళింది. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, మూర్ఛ కూడా రావచ్చు. అందుకే డాక్టరు సలహాతో మానాలి. మాన్పించే సలహా కోసం 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

కేసు ఇంకా తేలలేదు. వాయిదాల కోసం ఇద్దరూ కోర్టుకు తిరుగుతున్నారు. బస్సు వంతెన మీదుగా వెళ్ళినప్పుడల్లా అతను కిటికీలోంచి గోదావరి వైపు చూస్తూ కూర్చుంటాడు. మంగమ్మ మాత్రం దారిలో బోర్డులు చదువుకుంటూ వెళుతుంది.

కొత్త మాటలు

టోకు వ్యాపారం: సరుకును ఒకేసారి పెద్ద మొత్తంలో కొని కొట్లకు అమ్మడం
ఎక్సైజు పన్ను: మద్యం వంటి సరుకు తయారీ మీద వేసే పన్ను
వేలం: ఎక్కువ ధర పాడినవారికి ఇచ్చే పద్ధతి
నిషేధం: వద్దని చట్టం చేయడం

జవాబులు చెప్పండి

1. ఒకే సీసాకు రెండు రాష్ట్రాల్లో రెండు ధరలు ఎందుకు ఉంటాయి?
2. సారా కాంట్రాక్టర్లు ఎక్కువ సారా ఎందుకు అమ్మేవాళ్ళు?
3. ధర పెరిగినప్పుడు ఎవరు మానతారు? ఎవరు మానలేరు?

లెక్క వేయండి

ఒక ఇంట్లో రోజుకు 80 రూపాయలు తాగుడుకు పోతోంది. నెలకు ఎంత? ఏడాదికి ఎంత? ఆ డబ్బుతో మీరైతే ఏం చేస్తారు?

మాట్లాడుకోండి

మద్యం ధర పెరిగితే ఇంటికి మేలా, తగ్గితే మేలా? మీ ఊళ్ళో ఏం జరిగిందో చెప్పుకోండి.