సంతకం మీది, లెక్క మీది: కస్టమ్స్ పనిలో నేర్చుకున్న ఎనిమిది పాఠాలు

విశాఖ రేవు దగ్గర కస్టమ్స్ బ్రోకరుగా జీవితం గడిపి, ఇప్పుడు పని పిల్లలకు అప్పగించాను. గుంటూరు మిర్చి, భీమవరం రొయ్యలు, గోదావరి జిల్లాల బియ్యం నేను వేసిన షిప్పింగ్ బిల్లుల మీద దేశం దాటాయి. చైనా యంత్రాలు, మలేసియా పామాయిలు నేను వేసిన బిల్ ఆఫ్ ఎంట్రీల మీద లోపలికొచ్చాయి. కొత్తగా వచ్చేవాళ్లు మొట్టమొదట అడిగే మాట ఒకటే: "డ్యూటీ ఎంత పడుతుందండీ, తగ్గించే దారేమైనా ఉందా?" సరుకు రేవుకు చేరాక ఆ ప్రశ్న అడిగి పెద్దగా లాభం లేదు. ఈ పనిలో లాభనష్టాలు చాలావరకు ఆర్డరు పెట్టిన రోజునే తేలిపోతాయి. ఆ సంగతే ఈ పాఠాల్లో చెబుతున్నాను.

1. లెక్క కట్టేది ఆఫీసరు కాదు, మీరు

2011 ఏప్రిల్ 8 నుంచి కస్టమ్స్ చట్టం 17వ సెక్షన్ కింద స్వీయ మదింపు పద్ధతి నడుస్తోంది. సరుకేమిటో, విలువెంతో, రేటెంతో, మినహాయింపేదో అన్నీ మీరే ప్రకటించాలి. కంప్యూటర్ చాలా బిల్లులను ఎవరూ చూడకుండానే వదిలేస్తుంది. వదిలేసిందంటే ఒప్పుకున్నట్టు అనుకోకండి. 28వ సెక్షన్ కింద తక్కువ పడిన సుంకాన్ని రెండేళ్ల దాకా అడగవచ్చు. కావాలని దాచారని తేలితే ఐదేళ్ల దాకా అడగవచ్చు, పైన వడ్డీ, జరిమానా. ఇన్‌వాయిస్, కాంట్రాక్టు, బ్యాంకు కాగితాలు, సప్లయరుతో నడిచిన ఈమెయిళ్లు ఐదేళ్లు భద్రంగా ఉంచండి. బ్రోకరు సలహా చెబుతాడు. నోటీసు మాత్రం మీ పేరు మీదే వస్తుంది.

2. ఐఈసీని ఎవరికీ అరువివ్వకండి

ఇప్పుడు ఐఈసీ (దిగుమతి ఎగుమతి కోడ్) అంటే మీ పాన్ నంబరే. "మా సరుకు ఒక్కసారి మీ కోడ్ మీద తెప్పించుకుంటాం, మీకింత ఇస్తాం" అని పరిచయస్తులు వస్తారు. కాగితంలో రాసినది ఒకటి, కంటెయినర్‌లో ఉన్నది ఇంకొకటి అయితే పట్టుబడేది కోడ్ ఇచ్చినవాడు. అసలు యజమాని అప్పటికి ఫోను ఎత్తడు. అలా వచ్చిన కమీషన్ లాయరు ఫీజుకు కూడా చాలదు. ఇంకో మాట: మార్పులేమీ లేకపోయినా ఏటా ఏప్రిల్, జూన్ మధ్య డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో ఐఈసీ వివరాలు ధ్రువీకరించాలి. మరిచిపోతే కోడ్ నిలిచిపోతుంది. ఓడ రేవులో ఉన్నప్పుడు ఆ సంగతి తెలియడం చాలా ఖరీదు.

3. ముందు కోడ్ తేల్చుకోండి, తర్వాత ధర మాట్లాడండి

మన టారిఫ్‌లో ప్రతి సరుకుకూ ఎనిమిదంకెల కోడ్ ఉంటుంది. అందులో మొదటి ఆరంకెలు హెచ్‌ఎస్ పద్ధతి పాటించే దేశాలన్నిటికీ ఒకటే. చివరి రెండూ మనవి. ఎండుమిర్చి కాయగా పోతే 0904 21, పొడిగా పోతే 0904 22. మిర్చికి ఇంత తేలిగ్గా తెగుతుంది గాని, యంత్రాల దగ్గర తల తిరుగుతుంది. అది పూర్తి యంత్రమా, విడిభాగమా, వేరే యంత్రానికి జోడింపా అన్నదాన్నిబట్టి రేటు మారిపోతుంది. సప్లయరు ఇన్‌వాయిస్ మీద వేసిన కోడ్ వాళ్ల దేశం లెక్కది. దాన్ని యథాతథంగా దించేయకండి. కేటలాగ్ తెప్పించి, సెక్షన్ నోట్స్, చాప్టర్ నోట్స్ చదివి నిర్ణయించండి. పెద్ద పెట్టుబడి, తేలని సందేహం రెండూ ఉంటే ఢిల్లీలోనో ముంబైలోనో ఉన్న అడ్వాన్స్ రూలింగ్ అథారిటీని ముందే అడగండి. చట్టమూ వాస్తవాలూ మారకపోతే ఆ తీర్పు కొన్నేళ్లు చెల్లుతుంది.

4. విలువ అంటే ఇన్‌వాయిస్‌లో కనబడే అంకె ఒక్కటే కాదు

సుంకం లెక్క సరుకు ధర, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద నడుస్తుంది. కిరాయి ఎంతో తేలకపోతే ఎఫ్‌ఓబీ ధర (ఓడకెక్కించే దాకా అయిన ధర) మీద 20 శాతం, ఇన్సూరెన్స్ తేలకపోతే 1.125 శాతం కలుపుతారు. ఒక్క కాగితం తెచ్చుకోకపోవడం వల్ల అసలు కిరాయి కంటే ఎక్కువ కలిసిపోయిన కేసులు చాలా చూశాను.

లెక్క ఎలా పెరుగుతుందో చూడండి. మదింపు విలువ 1,00,000 రూపాయలు, ప్రాథమిక సుంకం 10 శాతం అనుకుందాం. సుంకం 10,000. దాని మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ 1,000. ఐజీఎస్‌టీ 18 శాతమైతే అది 1,11,000 మీద పడుతుంది, అంటే 19,980. మొత్తం 30,980. ఇందులో ఐజీఎస్‌టీ మామూలుగా ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. మీ ధరలో నిలిచిపోయేది 11,000. చాలామంది మొత్తం 30,980నీ ఖర్చుగా రాసుకుని ధర పెంచేసి ఆర్డరు పోగొట్టుకుంటారు. ఇంకొందరు ఐజీఎస్‌టీ ఎలాగూ తిరిగొస్తుందని ధీమాగా ఉండి, ఆ రోజుకు నగదు సిద్ధం చేసుకోరు.

ఇక తక్కువ బిల్లు సంగతి. "సగానికి ఇన్‌వాయిస్ ఇవ్వమంటాను, మిగతాది వేరే దారిలో పంపుతాను" అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే: అదే సరుకు దేశంలోని ఇతర రేవుల్లో ఏ ధరకు వచ్చిందో ఆఫీసరు ముందున్న తెరమీద కనిపిస్తుంది. తప్పుడు విలువ రాసిన సరుకును 111వ సెక్షన్ కింద జప్తు చేయవచ్చు. ఎగ్గొట్టిన సుంకమంత జరిమానా వేయడానికి 114ఏ సెక్షన్ ఉంది.

5. రేటు ఏ తేదీదో తెలుసుకోండి

దిగుమతికి బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన తేదీ, ఓడకు ఎంట్రీ ఇన్‌వర్డ్ (సరుకు దించే అనుమతి) ఇచ్చిన తేదీ, ఈ రెంటిలో ఏది తర్వాతైతే ఆనాటి రేటు. ఎగుమతికి లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డరు (సరుకు పంపే అనుమతి) పడిన నాటి రేటు. కొనుగోలుదారుతో ఒప్పందం రాసుకున్న తేదీకి ఇక్కడ విలువ లేదు.

ఇది కాకినాడ బియ్యం వ్యాపారులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని ఆపేశారు, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. 2023 జులై 20న బాస్మతేతర తెల్ల బియ్యాన్నే నిషేధించారు. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం వేశారు. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నూకల నిషేధం తప్ప మిగతావి ఒక్కొక్కటే సడలాయి. కాకినాడ లంగరు రేవులో బార్జీల మీద బస్తాలు తీసుకెళ్లి ఓడకెక్కించే పని రోజుల తరబడి సాగుతుంది. ఆఫ్రికా కొనుగోలుదారుతో ధర ఎప్పుడో ఖాయమై ఉంటుంది. మధ్యలో వచ్చిపడిన 20 శాతం ఎవరి నెత్తిన? కాంట్రాక్టులో "కొత్త సుంకం వస్తే కొనేవాడు భరించాలి" అని ఒక్క వాక్యం ఉన్నవాడు గట్టెక్కుతాడు. ఆ వాక్యం ఉచితం, రాయించుకోండి.

6. ఓడకంటే ముందు మీ కాగితం చేరాలి

కొన్ని దగ్గరి దేశాల సరుకును మినహాయిస్తే, ఓడ వచ్చే ముందురోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ వేయాలి. ముప్పై రోజుల ముందు నుంచే వేసుకోవచ్చు. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000 రూపాయలు, ఆపైన రోజుకు 10,000. సుంకం కట్టడం ఆలస్యమైతే ఏటికి 15 శాతం వడ్డీ. ఇవి సర్కారుకు పోయేవి. టెర్మినల్‌కు కట్టే డెమరేజ్ వేరు, కంటెయినర్ ఖాళీ చేసి తిరిగివ్వనందుకు షిప్పింగ్ లైనుకు కట్టే డిటెన్షన్ వేరు. వానచినుకుల్లా మొదలైన ఈ ఖర్చులు వారం తిరిగేసరికి వరదవుతాయి. అసలు బిల్ ఆఫ్ లేడింగ్ కొరియర్‌లో ఉందనో, సప్లయరు సర్టిఫికెట్ పంపలేదనో ఆగిపోయిన సరుకులే నేను ఎక్కువగా చూశాను. అడ్వాన్సు పంపేముందే పత్రాల జాబితా సప్లయరుకు ఇవ్వండి.

7. రాయితీ తీసుకుంటే రుజువు కూడా మీ దగ్గరే ఉండాలి

ఆసియాన్ ఒప్పందం కింద తక్కువ సుంకానికి సరుకు తెస్తే ఆరిజిన్ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోయే రోజులు పోయాయి. 2020 సెప్టెంబరు 21 నుంచి కరోటార్ నిబంధనలు వచ్చాయి. సరుకు ఆ దేశంలో ఎలా తయారైందో, ఎంత విలువ అక్కడ చేరిందో చెప్పగలిగే సమాచారం దిగుమతిదారు దగ్గరే ఉండాలి. మినహాయింపు నోటిఫికేషన్‌లో సందిగ్ధత ఉంటే ఆ లాభం ప్రభుత్వానికేనని 2018లో దిలీప్ కుమార్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఈపీసీజీ పథకం కింద సుంకం లేకుండా యంత్రం తెచ్చుకున్నవారు ఆదా అయిన సుంకానికి మామూలుగా ఆరు రెట్లు, ఆరేళ్లలో ఎగుమతి చేసి చూపాలి. యంత్రం వచ్చిన రోజే ఆ లెక్కకు ఒక పుస్తకం తెరవండి.

8. ఎగుమతికి కాగితాలన్నీ ఒకే మాట చెప్పాలి. గొడవ వస్తే రాతలో జరగాలి

షిప్పింగ్ బిల్లులోని ఇన్‌వాయిస్ నంబరు, జీఎస్‌టీఆర్-1 రిటర్న్‌లోని నంబరు ఒక గీత తేడాగా ఉన్నా ఎస్‌బీ005 అనే ఎర్రర్ వచ్చి ఐజీఎస్‌టీ రిఫండు ఆగిపోతుంది. జీఎస్‌టీ వచ్చిన కొత్తలో ఎగుమతిదారుల డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోయింది ఇలాంటి చిన్న తేడాల వల్లే. మీ అకౌంటెంటునూ బ్రోకరునూ ఒకచోట కూర్చోబెట్టండి. మన కస్టమ్స్ వదిలినంత మాత్రాన పని అయిపోలేదు. మిర్చిలో అఫ్లటాక్సిన్, రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే అవతలి దేశం సరుకును తిప్పి పంపుతుంది. అలా తిరిగొచ్చిన సరుకు విడిపించుకోవాలంటే ఎగుమతి మీద పొందిన డ్రాబ్యాక్ (సుంకం వాపసు) లాంటి ప్రయోజనాలు వెనక్కి కట్టాలి.

ఆఫీసరుతో అభిప్రాయభేదం వస్తే కౌంటరు దగ్గర వాదించి లాభం లేదు. క్వెరీకి రాతలో జవాబివ్వండి. సరుకు అత్యవసరమైతే నిరసన తెలుపుతూ కట్టి, కారణాలతో కూడిన ఉత్తర్వు అడగండి. కమిషనర్ అప్పీల్స్‌కు వెళ్లడానికి 60 రోజుల గడువు, మామూలుగా వివాదంలో ఉన్న సుంకంలో 7.5 శాతం ముందు కట్టాలి. ఆపైన హైదరాబాద్‌లో ట్రిబ్యునల్ బెంచి ఉంది. చేయి తడిపి తేల్చుకున్న పని మళ్లీ ఆడిట్‌లో తెరుచుకుంటుంది, అప్పుడు చూపడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

వచ్చే ఆర్డరు ఖాయం చేసేముందు సరుకు కోడ్, మదింపు విలువ, వర్తించే తేదీ, కావలసిన పత్రాలు ఒక తెల్లకాగితం మీద రాసి మీ బ్రోకరుకు చూపించండి. అందులో ఏ ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా అడ్వాన్సు పంపకండి.