ఎక్కువ బతికేది అవ్వలే... మరి బాగా బతికేది?

మీ వీధిలో డెబ్బై అయిదు దాటినవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టండి. చిత్తూరు పక్కన మా ఊళ్ళో నేను లెక్కపెడితే తాతలకి ఒక చెయ్యి చాలింది, అవ్వలకి రెండో చెయ్యి కూడా కావాల్సి వచ్చింది. ఇదేం మా ఊరి వింత కాదు. 2016-20 లెక్కల ప్రకారం మన దేశంలో మగవాళ్ళ సగటు ఆయుర్దాయం 68.6 ఏళ్ళు, ఆడవాళ్ళది 71.4. ప్రపంచ రికార్డులూ అంతే. ఫ్రాన్స్ అవ్వ జీన్ కాల్మెంట్ 122 ఏళ్ళు బతికింది. మగవాళ్ళలో రికార్డు జపాన్ తాత జిరోయెమాన్ కిమురాది, 116 ఏళ్ళు.

ఎందుకిలా? మన భాషలో చెప్పుకుందాం. ఆడవాళ్ళ కణాల్లో ఎక్స్ క్రోమోజోములు రెండు. ఒకదాంట్లో ఏదైనా జన్యువు చెడితే రెండోది బ్యాకప్. మగవాడికి ఉన్నది ఒక్కటే. పైగా నెలసరి ఆగేదాకా ఈస్ట్రోజెన్ రక్తనాళాలకు కొంత కాపలా కాస్తుంది. అందుకే గుండెజబ్బు ఆడవాళ్ళకి మగవాళ్ళ కంటే కొన్నేళ్ళు ఆలస్యంగా వస్తుంది.

మిగతాది మనం చేజేతులా చేసుకునేదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మగవాళ్ళలో సుమారు 23 శాతం మంది మందు తాగుతామన్నారు. పొగాకు వాడేవాళ్ళూ దాదాపు అంతేమంది. ఆడవాళ్ళలో మందు తాగేవాళ్ళు ఒక శాతం కూడా లేరు. రోడ్డు ప్రమాదాల్లో పోయేవాళ్ళలోనూ మగవాళ్ళే చాలా ఎక్కువ.

అయితే ఆడవాళ్ళే గెలిచినట్టా? ఒక మెషిన్ ఎన్నేళ్ళు ఉందన్నది వేరు, అందులో ఎన్నేళ్ళు సరిగ్గా నడిచిందన్నది వేరు. అదే సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది, మగవాళ్ళలో 16 శాతం మందికే. నెలసరి, కాన్పులు ఒక కారణం. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తినడం ఇంకో కారణం. నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారతాయి. ఒకసారి జారిపడితే చాలు, తుంటి విరిగి మంచం పట్టాల్సిందే. మోకాళ్ళ నొప్పులు, థైరాయిడ్ ఆడవాళ్ళకే ఎక్కువ. లూపస్ వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది వాళ్ళే. అంటే మగవాళ్ళు ముందు పోతారు, ఆడవాళ్ళు జబ్బులతో ఎక్కువకాలం ఉంటారు.

దీనికి ఒంటరితనం తోడు. మన పెళ్ళిళ్ళలో మొగుడు నాలుగైదేళ్ళు పెద్ద. ఆ తేడాకి ఆయుర్దాయంలో తేడా కూడితే, చాలామంది అవ్వలకి చివరి ఏళ్ళు తోడు లేకుండానే గడుస్తాయి.

మనమేం చెయ్యగలం? మన ఇళ్ళల్లో నాన్నలకి "ఏం కాదులేరా" అనడం అలవాటు, అమ్మలకి "నాకెందుకులే" అనడం అలవాటు. రెండూ ప్రమాదమే. ఈసారి సెలవులకి పోయినప్పుడు ఇద్దర్నీ పీహెచ్‌సీకి తీసుకుపోయి బీపీ, షుగర్ చూపించండి. అమ్మకి హిమోగ్లోబిన్ కూడా. గుండెపోటు ఆడవాళ్ళకి ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, వాంతులు, దవడనొప్పితో వస్తుంది. "గ్యాసేలే" అని సోడా తాగించి పడుకోబెట్టకండి. రాగిసంకటిని పాతకాలం తిండి అని పక్కన పెట్టకండి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. ఇక హాస్టల్ అబ్బాయిలూ, బైక్ తీసేముందు హెల్మెట్ పెట్టండి. మనకి బ్యాకప్ లేదు.