చెవికి రెప్ప లేదు



చూడలేనిది ఎదురైతే కన్ను మూసుకుంటాము. చెవికి ఆ వసతి లేదు. పక్కవారి సెల్‌ఫోనులోని పాటయినా, సినిమా అయినా, క్రికెట్ వ్యాఖ్యానమైనా ఇష్టమున్నా లేకున్నా వినవలసిందే.

విశాఖపట్నం నుండి హైదరాబాదు వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ వంటి రాత్రి బండిని తలచుకోండి. పై బెర్తులో ఒకరు ఇయర్‌ఫోను లేకుండా వీడియో చూస్తుంటారు. కింది బెర్తులో ఆపరేషనుకు వెళ్తున్న వృద్ధురాలు ఉండవచ్చు. ఎదుట, తెల్లవారితే పరీక్ష వ్రాయవలసిన విద్యార్థి ఉండవచ్చు. ఎవరి బాధ ఏమిటో ముఖం చూచి చెప్పలేము. సౌండు తగ్గించడానికి అది తెలియనక్కరలేదు కూడా.

“నేను మాట్లాడుతున్నానంతే, పాటలు పెట్టలేదు కదా!” అని కొందరంటారు. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటే రెండు వైపులా వినబడుతుంది. ఫోనులో అయితే ఒకవైపే వినబడుతుంది. అవతలి మాట ఏమిటోనని వినేవారి మనసు తెలియకుండానే వెదకుతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి సగం సంభాషణ చేస్తున్న పని మీది ధ్యాసను ఎక్కువగా చెదరగొడుతుందని తేల్చారు.

దీనికి నియమాలు లేకపోలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 గంటల వరకు రాత్రివేళ. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. రాత్రి 10 తర్వాత ఇయర్‌ఫోను లేకుండా పాటలు వినరాదని, బిగ్గరగా మాట్లాడరాదని రైల్వేశాఖ 2022 జనవరిలో ఆదేశించింది. అయితే ఆసుపత్రి గేటు బయట హారను ఆపగల బోర్డు, వార్డులో మంచం పక్కన మోగే ఫోనును ఆపలేదు. దానిని ఆపవలసింది మన చేతులే.

కనుక ఇవి అలవరచుకుందాము:

1. బస్సు, రైలు, ఆసుపత్రి, బ్యాంకులలో ఇయర్‌ఫోను లేనిదే ఏదీ వినరాదు, చూడరాదు.
2. ఫోను వస్తే రెండు మాటల్లో ముగించాలి. లేదా తలుపు దగ్గరకో, వరండాలోకో వెళ్లాలి. స్పీకరు పెట్టరాదు.
3. పిల్లవాడు ఏడుస్తాడని ఫోను ఇచ్చినా సౌండు తీసివేసి ఇవ్వాలి.
4. ఎదుటివారిని మందలించకుండా, “బాబూ, కాస్త సౌండు తగ్గిస్తావా? నిద్ర పట్టడం లేదు” అని మెల్లగా అడగాలి. చాలామంది వెంటనే తగ్గిస్తారు. రైలులో వినకపోతే టి.టి.ఇ.కి చెప్పవచ్చు, 139కి ఫోను చేయవచ్చు.

టికెట్టు కొన్నది మన సీటుకే గాని బోగీ అంతటికీ కాదు. ఈసారి ఫోను చేతిలోకి తీసుకునే ముందు, పక్క సీటువైపు ఒక్కసారి చూడండి.